పొలిమేర అవతలి పుస్తకాల కొట్టు

2012 సెప్టెంబరు 14, శుక్రవారం రాత్రి. కాలిఫోర్నియాలో చాలా ఇళ్లలో కంప్యూటర్ల ముందు ఒకటే హడావుడి. 'తర్వాత చూద్దాంలే' అనుకుని నెలల తరబడి అమెజాన్‌ కార్ట్‌లో వదిలేసినవన్నీ ఇప్పుడు చకచకా ఆర్డరైపోతున్నాయి. టీవీలు, కెమెరాలు, పిల్లల డైపర్లు, కాలేజీ పాఠ్యపుస్తకాలు, ఎప్పటి నుంచో చదవాలనుకుంటున్న నవలలు... అర్ధరాత్రి దాటినా వస్తువు అదే, ధర అదే, వచ్చే అట్టపెట్టే అదే. బిల్లులో మాత్రం కొత్తగా ఒక వరస చేరుతుంది. అమ్మకం పన్ను, కనీసం 7.25 శాతం.

అప్పటిదాకా ఆ వరస లేకపోవడానికి చట్టంలో మినహాయింపేమీ లేదు. వీధి చివరి షాపులో కొంటే పన్ను పడేది, అదే పుస్తకం ఆన్‌లైన్‌లో కొంటే పడేది కాదు. పదిహేడేళ్లు అలాగే నడిచింది.

కాకినాడ వైపు వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. యానాం పొలిమేర దాటగానే పుదుచ్చేరి పన్నులు వస్తాయి, బంకులో పెట్రోలు రేటు మారిపోతుంది. బండి అటు తిప్పి ట్యాంకు నింపుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అమెరికన్లకు బండి తిప్పే పని కూడా లేకపోయింది. యానామే వాళ్ల గుమ్మం ముందుకొచ్చి తలుపు తట్టింది!

2025 సెప్టెంబరు 22న మన దగ్గర జీఎస్టీ రేట్లు మారినప్పటి నుంచి ఏ వస్తువు ధరలో పన్ను ఎంత అన్న చర్చ ఇంటింటా నడుస్తోంది. పండుగ సేల్స్‌లో ఒకే పుస్తకం రెండు యాప్‌లలో రెండు ధరలకు కనిపించి తికమక పెడుతోంది. ధరల పోటీలో పన్ను ఎంత పని చేయగలదో తెలియాలంటే అమెరికా పుస్తకాల వ్యాపారాన్ని మించిన ఉదాహరణ లేదు.

దుకాణం ఎక్కడ పెట్టాలి?

1994లో న్యూయార్క్‌లో మంచి జీతమొచ్చే ఉద్యోగం వదిలేసి జెఫ్‌ బెజోస్‌ ఇంటర్నెట్‌లో పుస్తకాలు అమ్మాలని బయల్దేరాడు. ఎక్కడి నుంచి అమ్మాలన్నది పెద్ద ప్రశ్న. చివరికి సియాటిల్‌ను ఎంచుకున్నాడు. మైక్రోసాఫ్ట్‌ పుణ్యమా అని అక్కడ కంప్యూటర్‌ నిపుణులకు కొదవ లేదు. పక్కనే ఒరెగాన్‌లోని రోజ్‌బర్గ్‌లో ఇంగ్రామ్‌ అనే పుస్తకాల హోల్‌సేల్‌ సంస్థ పెద్ద గోదాం ఉంది. వీటికి తోడు, పెద్ద రాష్ట్రాలతో పోలిస్తే సియాటిల్‌ ఉన్న వాషింగ్టన్‌ రాష్ట్రంలో జనాభా తక్కువ.

తక్కువ మంది కొనుగోలుదారులున్న చోట కొట్టు పెట్టడమేమిటి? అదే కిటుకు. 1967లో ఒకసారి, 1992లో మరోసారి అమెరికా సుప్రీంకోర్టు ఒక నియమం చెప్పింది. తపాలాలో సరుకు అమ్మే కంపెనీకి ఒక రాష్ట్రంలో ఆఫీసో, గోదామో, ఉద్యోగులో ఉంటేనే ఆ రాష్ట్రం దాని చేత పన్ను వసూలు చేయించగలదు. 1992 కేసు క్విల్‌ అనే స్టేషనరీ కంపెనీకీ నార్త్‌ డకోటా రాష్ట్రానికీ మధ్య నడిచింది. కాలు మోపిన చోటే పన్ను అన్నమాట. కాబట్టి సియాటిల్‌లో ఉంటే వాషింగ్టన్‌ వాసుల దగ్గర పన్ను వసూలు చేస్తే చాలు. కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియా, న్యూయార్క్‌, టెక్సస్‌లకు పన్ను లేకుండానే పార్సిల్‌ పంపొచ్చు.

బెజోస్‌ ఇంకో అడుగు ముందుకేసి కూడా ఆలోచించాడు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర్లో స్థానిక ఆదివాసీ తెగల స్వపరిపాలన భూముల్లో కంపెనీ పెడితే కాలిఫోర్నియా నిపుణులూ దొరుకుతారు, పన్ను బెడదా తప్పుతుంది కదా అని విచారించాడట. ప్రభుత్వం ఆ దారి ముందే మూసేసిందని 1996లో ఒక పత్రికతో ఆయనే చెప్పాడు. గ్యారేజీలో పుట్టిన కంపెనీ అని అమెజాన్‌ గురించి అందరూ చెప్పుకుంటారు. ఆ గ్యారేజీ ఏ రాష్ట్రంలో ఉండాలో కాగితం మీద లెక్క వేశాకే ఎంచుకున్నారన్న మాట అంతగా వినిపించదు.

1995 జులైలో సైట్‌ తెరుచుకుంది. 1997లో రెండో గోదాం డెలావేర్‌లో పెట్టారు. అక్కడ అమ్మకం పన్నే లేదు. 1999లో నెవాడాలోని ఫెర్న్‌లీలో మరొకటి. కాలిఫోర్నియా ఆర్డర్లు అక్కడి నుంచి సులువుగా పంపొచ్చు, కాలిఫోర్నియాలో మాత్రం కాలు పెట్టక్కర్లేదు.

> కొన్నవాడే కట్టాలట!
>
> పొరుగు రాష్ట్రం నుంచి పన్ను లేకుండా కొన్నంత మాత్రాన బాకీ తీరినట్టు కాదు. దుకాణదారు వసూలు చేయకపోతే కొన్నవాళ్లే లెక్క రాసుకుని సొంత రాష్ట్రానికి 'వినియోగ పన్ను' కట్టాలి. దీనికోసం చాలా రాష్ట్రాలు ఆదాయ పన్ను ఫారంలోనే ఒక గడి పెట్టాయి. ఏడాదంతా కొన్న పుస్తకాల రసీదులు దాచి, కూడి, ఆ గడి నింపేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అధికారులకూ ఈ సంగతి తెలుసు.

గురివింద నలుపు

పెద్ద పుస్తకాల గొలుసు దుకాణం బార్న్స్‌ అండ్‌ నోబుల్‌ 1997 మేలో ఆన్‌లైన్‌లోకి దిగింది. దిగుతూనే అమెజాన్‌ మీద కేసు వేసింది. సొంత గోదాంలో కొద్ది పుస్తకాలే పెట్టుకుని 'భూమ్మీద అతి పెద్ద పుస్తకాల షాపు' అని ఎలా చెప్పుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. ఆగస్టులో అమెజాన్‌ ఎదురు కేసు వేసింది. దేశమంతా దుకాణాలున్న బార్న్స్‌ అండ్‌ నోబుల్‌ తన వెబ్‌సైట్‌లో పన్ను వసూలు చేయకపోవడం అన్యాయమైన పోటీ అన్నది దాని ఫిర్యాదు.

ఎవరు ఎవరిని అంటున్నారో చూశారా! పన్ను తప్పించుకునేలా ఊరు ఎంచుకున్న కంపెనీ, అవతలి వాళ్లు పన్ను తప్పించుకుంటున్నారని కోర్టుకెళ్లింది. అక్టోబరులో ఇద్దరూ రాజీ పడ్డారు.

గొలుసు దుకాణాల ఇబ్బంది నిజమైనదే. ప్రతి రాష్ట్రంలో షాపులున్నాయంటే ప్రతి రాష్ట్రంలో కాలు మోపినట్టే. దాంతో వెబ్‌సైట్‌కు వేరే కంపెనీ పెట్టి, 'దుకాణం వేరు, సైట్‌ వేరు' అని వాదించడం మొదలుపెట్టారు. మరో గొలుసు దుకాణం బోర్డర్స్‌ ఈ వాదనతోనే కాలిఫోర్నియాలో దొరికిపోయింది. సైట్‌లో కొన్న పుస్తకం నచ్చకపోతే దగ్గర్లోని బోర్డర్స్‌ షాపులో తిరిగి ఇవ్వొచ్చని ఆ కంపెనీయే రాసుకుంది. తిరిగి తీసుకునే దుకాణం అమ్మినవాడిదే కదా అని 2005లో అప్పీలు కోర్టు తేల్చింది.

సగం ధరకే బెస్ట్‌సెల్లర్‌

1999 మేలో అమెజాన్‌ ఒక బాంబు పేల్చింది. న్యూయార్క్‌ టైమ్స్‌ బెస్ట్‌సెల్లర్లన్నీ సగం ధరకే! పోటీ సైట్లు గంటల వ్యవధిలో అదే ధరకు దిగాయి. ఇలా కత్తులు దూస్తుంటే మామూలు షాపు ఎక్కడ నిలబడుతుంది?

ఆ రోజుల్లో ఎరిక్‌ బ్రిన్‌జోల్ఫ్‌సన్‌, మైకేల్‌ స్మిత్‌ అనే పరిశోధకులు పుస్తకాలు, సీడీల ధరలను పోల్చి చూశారు. ఆన్‌లైన్‌లో బయటికంటే 9 నుంచి 16 శాతం చవక అని తేలింది. ఆశ్చర్యమేమిటంటే అందరికంటే చవకగా అమ్మే సైట్‌కు అందరికంటే ఎక్కువ గిరాకీ లేదు. జనం తెలిసిన పేరు దగ్గరికే వెళుతున్నారు. జుడిత్‌ షెవలియర్‌, ఆస్టన్‌ గూల్స్‌బీ మరో అధ్యయనంలో గమనించినదీ ఇలాంటిదే. ధర కాస్త పెరిగితే బార్న్స్‌ అండ్‌ నోబుల్‌ సైట్‌ నుంచి కొనుగోలుదారులు ఇట్టే జారిపోయేవారు, అమెజాన్‌ను అంత త్వరగా వదిలేవారు కాదు. అలవాటు పడ్డ కొట్టు అలాంటిది మరి. ఆ అలవాటు పడ్డ ఏళ్లలోనే పన్ను లేదు.

> మూడు పుస్తకాల లెక్క
>
> 1990ల చివర్లో 25 డాలర్ల పుస్తకాలు మూడు కొన్నారనుకోండి.
>
> వీధిలోని షాపులో డిస్కౌంటు లేకుండా 75 డాలర్లు. 8 శాతం పన్నుతో 81.
>
> సైట్‌లో 30 శాతం డిస్కౌంటుతో 52.50. అమెజాన్‌ తపాలా ఖర్చు పార్సిల్‌కు 3 డాలర్లు, పుస్తకానికి 95 సెంట్లు. మొత్తం 58.35.
>
> పన్ను వేసి ఉంటే ఇంకో 4.20 పడేది. 5.85 డాలర్ల తపాలా ఖర్చులో దాదాపు మూడొంతులు ఆ పడని పన్నే భరించిందన్నమాట. ఆన్‌లైన్‌లో పార్సిల్‌ ఖర్చు ఉంటుందని వెనకాడేవాళ్లను నిలుపుకోవడంలో ఆ నాలుగు డాలర్లకూ వాటా ఉంది.

2009 అక్టోబరులో పోరు మరీ ముదిరింది. రాబోయే కొన్ని పెద్ద పుస్తకాలను వాల్‌మార్ట్‌ తన సైట్‌లో 10 డాలర్లకే ముందస్తుగా అమ్ముతానంది. వాటిలో 35 డాలర్ల ముద్రిత ధర ఉన్న స్టీఫెన్‌ కింగ్‌ నవల కూడా ఉంది. అమెజాన్‌ తనూ పదే అంది. వాల్‌మార్ట్‌ 9కి దిగింది. అదీ తగ్గి 8.99 అయింది. మరో గొలుసు దుకాణం టార్గెట్‌ కూడా వచ్చి చేరేసరికి వాల్‌మార్ట్‌ ఇంకో సెంటు తగ్గించి 8.98 అంది. ప్రచురణకర్తల దగ్గర షాపులకు పడే ధర కంటే ఇది తక్కువ. 'మేమే వాల్‌మార్ట్‌లో కొనుక్కొచ్చి అమ్ముకుంటే పోలా' అని చిన్న షాపులవాళ్లు అనుకునేదాకా వెళ్లింది. ఒకరికి ఇన్ని కాపీలే అని పెద్ద సైట్లు పరిమితి పెట్టాయి. ఇది దోపిడీ ధరల పోటీ అంటూ అమెరికన్‌ బుక్‌సెల్లర్స్‌ అసోసియేషన్‌ కేంద్ర న్యాయశాఖకు లేఖ రాసింది.

కెప్లర్స్‌ తలుపులు

కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌ సిలికాన్‌ వ్యాలీ నడిబొడ్డున ఉంటుంది. అక్కడ 1955లో రాయ్‌ కెప్లర్‌ అనే శాంతివాది ఒక పుస్తకాల షాపు తెరిచాడు. కుర్రాళ్లు, సంగీతకారులు, యుద్ధ వ్యతిరేకులు వచ్చి గంటల తరబడి చదువుకునే చోటు అది. యాభై ఏళ్లు నడిచాక, 2005 ఆగస్టు 31న కొడుకు క్లార్క్‌ దాన్ని మూసేశాడు. ముందస్తు ప్రకటన లేదు. ఉద్యోగులు విస్తుపోయారు. పుస్తకం కోసం వచ్చినవాళ్లు మూసిన తలుపులు చూసి నిలబడిపోయారు.

ఇలాంటి షాపుల కష్టం ఒకటే తీరు. ఒకరు లోపలికొస్తారు, అల్మారాల మధ్య తిరుగుతారు, రెండు పేజీలు చదువుతారు, కౌంటర్‌లో ఉన్నవాళ్లను ఏది బాగుంటుందని అడుగుతారు. పుస్తకం పేరు చీటీ మీద రాసుకుని, ఇంటికెళ్లి సైట్‌లో కొంటారు. షాపు అద్దె కట్టింది, పుస్తకం చూపించింది, సలహా ఇచ్చింది. పన్ను కూడా వసూలు చేసి రాష్ట్రానికి కట్టాల్సింది ఆ షాపే. ఇవేవీ లేని సైట్‌ ఆ పుస్తకం అమ్ముకుంది. బర్క్‌లీలో 1956 నాటి కోడీస్‌ షాపు కూడా 2008లో పూర్తిగా మూతపడింది.

నేరమంతా పన్ను మీదే తోసేయడం సరికాదు. అక్కడ అద్దెలు ఆకాశాన్నంటాయి, డాట్‌కామ్‌ బుడగ పేలి గిరాకీ పడిపోయింది. బోర్డర్స్‌ సంగతైతే సొంత తప్పులే బోలెడు. 2001లో తన వెబ్‌సైట్‌ వ్యాపారాన్నే తీసుకెళ్లి పోటీదారైన అమెజాన్‌ చేతిలో పెట్టింది! 2011లో పూర్తిగా మూతపడేనాటికి దానికి మిగిలిన షాపులు 399, రోడ్డున పడ్డ ఉద్యోగులు దాదాపు 10,700 మంది. కానీ ఏ వ్యాపారమైనా బతికేది చిల్లర లాభం మీదే. ఎదుటివాడికి ఏడెనిమిది శాతం ముందుగానే కలిపి ఇచ్చి పరుగు పందెం పెడితే, ఓడినవాడికి కాళ్లు లేవనడం న్యాయం కాదు.

చేతులు కాలాక రాష్ట్రాలు

2008 ఏప్రిల్‌లో న్యూయార్క్‌ కొత్త చట్టం తెచ్చింది. తమ వెబ్‌సైట్లలో అమెజాన్‌ లింకు పెట్టి, ఎవరైనా దాని ద్వారా కొంటే కమీషన్‌ తీసుకునే వేలాది మంది రాష్ట్రంలో ఉన్నారు. వాళ్లంతా కంపెనీ ఏజెంట్లే, కాబట్టి కంపెనీ ఇక్కడ కాలు మోపినట్టే అంది. అమెజాన్‌ పన్ను వసూలు చేస్తూనే కోర్టుకెళ్లింది. మిగతా రాష్ట్రాలు అదే చట్టాన్ని అందుకునేసరికి వేరే దారి పట్టింది. నార్త్‌ కరోలినా, రోడ్‌ ఐలాండ్‌, ఇల్లినాయిస్‌, కనెక్టికట్‌... ఒక్కో రాష్ట్రం చట్టం చేయగానే అక్కడి కమీషన్‌దారులను తీసేసింది. పుస్తక సమీక్షలు రాసుకుంటూ నెలకు నాలుగు డాలర్లు సంపాదించుకునే బ్లాగర్లకు ఒక ఈమెయిల్‌తో ఆ ఆదాయం పోయింది.

నార్త్‌ కరోలినాలో వ్యవహారం మరో మలుపు తిరిగింది. ఎవరు ఏం కొన్నారో 2003 నుంచి వివరాలివ్వమని పన్నుల శాఖ అడిగింది. దాదాపు 5 కోట్ల కొనుగోళ్లు! ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో పన్ను అధికారికి ఎందుకు అని అమెజాన్‌ సియాటిల్‌లో దావా వేసింది. పాఠకుల పేర్లతో సహా ఆ వివరాలు అడగడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2010 అక్టోబరులో న్యాయమూర్తి మార్షా పెక్‌మన్‌ తీర్పిచ్చారు. ఈ మొత్తం కథలో అమెజాన్‌ వైపు మనసారా మొగ్గగలిగే ఘట్టం ఇదొక్కటే.

టెక్సస్‌లో మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఇర్వింగ్‌ పేరు ఈ గొడవలో మార్మోగింది. అక్కడ అమెజాన్‌ గోదాం ఉంది, పన్ను మాత్రం లేదు. గోదాం అనుబంధ సంస్థదని కంపెనీ వాదన. 26.9 కోట్ల డాలర్ల బాకీ కట్టమని రాష్ట్రం నోటీసు పంపితే, గోదామే మూసేస్తామని 2011 ఫిబ్రవరిలో కంపెనీ ప్రకటించింది. ఉద్యోగాల ఆశ చూపి పన్ను వాయిదా వేయించుకోవడం దానికి వెన్నతో పెట్టిన విద్య. ఏడాది బేరసారాల తర్వాత ఒప్పందం కుదిరింది. టెక్సస్‌లో 2,500 ఉద్యోగాలు, 20 కోట్ల డాలర్ల పెట్టుబడి, 2012 జులై 1 నుంచి పన్ను.

కాలిఫోర్నియాలో 2011 జూన్‌లో గవర్నర్‌ జెర్రీ బ్రౌన్‌ చట్టం మీద సంతకం పెట్టగానే, దాన్ని ప్రజల ఓటుతో రద్దు చేయించడానికి అమెజాన్‌ 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. చివరికి ఏడాది గడువు తీసుకుని రాజీకొచ్చింది. ఆ గడువు ముగిసిన రాత్రే మనం మొదట చూసిన రాత్రి.

నిచ్చెన తీసేశారు

అంతగా పోరాడిన కంపెనీ ఎందుకు మెత్తబడింది? పైకి చెప్పే కారణాలు ఎన్నున్నా అసలు సంగతి గోదాముల్లో ఉంది. రెండు రోజుల్లో, వీలైతే ఒక్క రోజులో పార్సిల్‌ ఇంటికి చేర్చాలంటే పెద్ద నగరాల పక్కనే గోదాం ఉండాలి. గోదాం పెడితే పన్ను తప్పదు. పన్ను ఎగ్గొట్టడం కంటే త్వరగా చేర్చడమే లాభమని తేలాక, అమెజాన్‌ ప్లేటు ఫిరాయించింది. అన్ని సైట్లూ పన్ను వసూలు చేయాలనే బిల్లును 2013లో తానే సమర్థించింది. సెనేట్‌లో 69–27తో నెగ్గిన ఆ బిల్లు దిగువ సభలో ఆగిపోయింది. ఎక్కేవరకు నిచ్చెన కావాలి, ఎక్కాక తీసేయాలి!

2017 ఏప్రిల్‌ 1 నాటికి అమ్మకం పన్నున్న 45 రాష్ట్రాల్లోనూ అమెజాన్‌ సొంత సరుకు మీద పన్ను వసూలు మొదలుపెట్టింది. 2018 జూన్‌ 21న సౌత్‌ డకోటా రాష్ట్రానికీ వేఫెయిర్‌ అనే ఆన్‌లైన్‌ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో పాత నియమాన్ని కొట్టేసింది. తీర్పు రాసిన కెన్నెడీ, ఆయనతో ఏకీభవించిన థామస్‌... ఇద్దరూ 1992లో ఆ నియమాన్ని నిలబెట్టినవారే. ఇప్పుడు కాలు మోపినా మోపకపోయినా, ఒక రాష్ట్రంలో అమ్మకాలు నిర్ణీత మొత్తం దాటితే పన్ను వసూలు చేయాల్సిందే. సౌత్‌ డకోటా అప్పట్లో పెట్టిన హద్దు ఏడాదికి లక్ష డాలర్లు లేదా 200 ఆర్డర్లు.

> ఫ్రాన్స్‌లో ఒక సెంటు తమాషా
>
> ముద్రిత ధర మీద 5 శాతానికి మించి డిస్కౌంటు ఇవ్వకూడదని ఫ్రాన్స్‌లో 1981 నుంచి చట్టం. ఆన్‌లైన్‌ షాపులు డిస్కౌంటుతో పాటు పార్సిల్‌ కూడా ఉచితమనడంతో 2014లో రెండూ కలిపి ఇవ్వకూడదన్నారు. అమెజాన్‌ తపాలా ఖర్చు 'ఉచితం' తీసేసి, ఒక్క సెంటు అని పెట్టింది. 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు పుస్తకాల ఆర్డరుకు కనీసం 3 యూరోల తపాలా ఖర్చు తప్పనిసరి చేశారు.

> మన దగ్గర సున్నా... నిజంగా సున్నాయేనా?
>
> అచ్చు పుస్తకం మీద మన దేశంలో జీఎస్టీ లేదు. ఈ-బుక్‌ మీద 18 శాతం ఉంటే 2018లో 5కు తగ్గించారు. కాబట్టి ఇక్కడ సైట్ల పోటీ పన్నుతో కాదు, డిస్కౌంటుతోనే. అయితే కాగితం కొనేటప్పుడు ప్రచురణకర్త కట్టిన పన్ను వెనక్కి రాదు. పుస్తకం మీద పన్ను లేదు కదా, దేనిలో సర్దుబాటు చేస్తారు? 2025 సెప్టెంబరులో నోటుపుస్తకాల మీద పన్ను పోయింది గానీ, పుస్తకాలు అచ్చేసే కాగితం 12 నుంచి 18 శాతంలోకి వెళ్లింది.
>
> 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్‌ మొదలైంది కూడా పుస్తకాలతోనే. దాని మొదటి కొనుగోలుదారు మన మహబూబ్‌నగర్‌ వ్యక్తి.

పన్ను వచ్చింది, గిరాకీ ఎటు పోయింది?

పన్ను పడితే ఆన్‌లైన్‌ కొనుగోలుదారులు మళ్లీ వీధి షాపుకొస్తారని పుస్తకాలవాళ్లు ఏళ్ల తరబడి ఆశపడ్డారు. ఓహాయో స్టేట్‌ యూనివర్సిటీ పరిశోధకులు ఆ లెక్క తీశారు. పన్ను మొదలైన రాష్ట్రాల్లో అమెజాన్‌లో కొనుగోళ్లు 9 శాతానికి పైగా తగ్గాయి. పెద్ద వస్తువుల్లో ఇంకా ఎక్కువ. కానీ స్థానిక దుకాణాలకు పెరిగింది 2 శాతమే. పోటీ కంపెనీల వెబ్‌సైట్లకు మాత్రం 20 శాతం దాకా పెరిగింది. జనం షాపు వైపు తిరగలేదు, ఒక సైట్‌ నుంచి ఇంకో సైట్‌కు మారారు.

2018 తీర్పుతో వచ్చిన కొత్త నియమం భారం ఇంట్లో కూర్చుని పుస్తకాలు అమ్ముకునేవాళ్ల మీద కూడా పడింది. అమెరికాలో పది వేలకు పైగా పన్ను పరిధులున్నాయి. ఒక్కో చోట ఒక్కో రేటు, ఒక్కో వస్తువుకు ఒక్కో నిర్వచనం. పిండి కలిసిన చాక్లెట్‌ ఆహారం, కలవనిది మిఠాయి అనేలాంటి తేడాలను భిన్నాభిప్రాయం రాసిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్‌ తీర్పులోనే ఎత్తి చూపారు. పెద్ద సైట్‌ ద్వారా అమ్మితే ఆ తలనొప్పి సైటే చూసుకుంటుంది. సొంత సైట్‌ నడిపితే ఎవరి తల వారిదే. చిన్నవాళ్లను కాపాడాలని అడిగిన నియమం వాళ్లను పెద్ద సైట్‌ నీడలోకే నెట్టింది.

మెన్లో పార్క్‌లో ఏమైంది? షాపు మూసిన కొద్ది రోజులకే ఊరివాళ్లు పోగయ్యారు. కొందరు పెట్టుబడి పెట్టారు, కొందరు సభ్యత్వాలు తీసుకున్నారు, స్థలం యజమాని అద్దె విషయంలో సర్దుకున్నాడు. 2005 అక్టోబరులో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పటికి ఆన్‌లైన్‌ కొనుగోళ్ల మీద పన్ను రావడానికి ఇంకా ఏడేళ్లుంది. కెప్లర్స్‌కు 2025తో డెబ్బై ఏళ్లు నిండాయి.